టొరెంట్ నడిస్తే ఇంట్లో నెట్ మొత్తం స్లో. అప్‌లోడ్ ఎంతకి కట్టేయాలి?

గాలిపటం:
టొరెంట్‌లో లినక్స్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) దిగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరికీ వీడియో కాల్ సరిగా రావట్లేదు. లైన్ డౌన్‌లోడ్ 40 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 4. డౌన్‌లోడ్‌కి లిమిట్ పెట్టి చూశా, తేడా లేదు. అప్‌లోడ్ సున్నా చేసేయనా?

రాత్రిపిట్ట:
సున్నా వద్దండీ. చాలా క్లయింట్లలో (టొరెంట్ నడిపే ప్రోగ్రాముల్లో) సున్నా అంటే "లిమిట్ లేదు" అనే లెక్క! అయితే తంటా అప్‌లోడ్ దగ్గరే. డేటా అందిందని చెప్పే టీసీపీ అక్నాలెడ్జ్‌మెంట్లు పైకి వెళ్లాల్సింది ఆ దారినే. అది నిండితే మోడెమ్ బఫర్‌లో, అంటే ప్యాకెట్లు క్యూ కట్టే చోట, ఇరుక్కుంటాయి, డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. 4 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 500 కేబీ. 400 దగ్గర పెట్టి చూడండి.

పాతమోడెమ్:
లిమిట్ ఒక్కటే సరిపోదు, అప్‌లోడ్ స్లాట్లు (ఒకేసారి ఎంతమందికి పంపాలన్న లెక్క) కూడా చూసుకోండి. 400 కేబీని 40 మందికి పంచితే ఒక్కొక్కరికి 10 కేబీ. బ్రామ్ కోహెన్ 2001లో వదిలిన బిట్‌టొరెంట్‌లో అసలు సూత్రం ఇచ్చిపుచ్చుకోవడం, దింపుకునేవాళ్లే ఒకరికొకరు ఫైల్ ముక్కలు పంపుకుంటారు. అవతలి క్లయింట్ తనకు ఎక్కువ ఇస్తున్న నలుగురైదుగురికే దారి తెరుస్తుంది, 10 సెకన్లకోసారి మళ్లీ లెక్క చూస్తుంది. 10 కేబీ ఇచ్చేవాళ్లు ఆ లెక్కలోకే రారు. టొరెంట్‌కి నాలుగైదు స్లాట్లు చాలు.

తుంగభద్ర:
మరి కొత్తగా చేరినవాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది అన్నా?

పాతమోడెమ్:
ఏమీ ఉండదు తమ్ముడూ. అందుకే 30 సెకన్లకోసారి లెక్కతో పని లేకుండా ఎవరో ఒకరికి అవకాశం ఇస్తుంది. ఆ తర్వాత అరుదైన ముక్కల్ని ముందు దింపుకుంటే, అందరికీ కావాల్సిన సరుకు మన చేతిలో ఉన్నట్టే.

సాలెగూడు:
ఇంత చాకిరీ దేనికి? యూటీపీ (లైన్ నిండుతుంటే టొరెంట్ తనంతట తానే వేగం తగ్గించుకునే పద్ధతి) ఆన్ చేస్తే చాలదా? క్యూలో ఆలస్యం 100 మిల్లీసెకన్లకు చేరేసరికి అదే తగ్గుతుంది.

రాత్రిపిట్ట:
మామూలు రౌటర్‌లో చాలావరకు నిజమే. కానీ 100 మిల్లీసెకన్లంటే కాల్‌లో తెలిసిపోతుంది. పైగా రౌటర్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్ లాంటి క్యూని అదుపులో పెట్టే పద్ధతులు ఉంటే క్యూ అంత పెరగనే పెరగదు, కాబట్టి యూటీపీకి తగ్గాల్సిన అవసరమే కనిపించదు. అలాంటి రౌటర్ ఉంటే కేక్ అనే ఇంకో క్యూ పద్ధతి పెట్టుకోవడం నయం. ఇంట్లో ఒక్కో పరికరానికి సమానంగా వాటా వేసే పద్ధతి అందులో ఉంది, కనెక్షన్లు ఎన్ని తెరిచినా టొరెంట్ మిషన్‌కి దాని వాటానే.

గాలిపటం:
400, ఐదు స్లాట్లు పెట్టా. కాల్ నిలబడింది, డౌన్‌లోడ్ కూడా పెరిగింది. కానీ రౌటర్ గ్రాఫ్‌లో అప్‌లోడ్ 400 దాటి కనిపిస్తోంది?

సాలెగూడు:
ప్యాకెట్ హెడర్లు, అక్నాలెడ్జ్‌మెంట్లు క్లయింట్ లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు. క్యూబిట్‌టొరెంట్ అయితే స్పీడ్ సెట్టింగ్స్‌లో ఓవర్‌హెడ్‌కి కూడా లిమిట్ వర్తించేలా టిక్ ఉంటుంది, పెట్టేయండి.