కరివేపాకు పేరులో ఉన్న కోనిగ్‌కు స్టాంపు అడగాలా, వద్దా?

పాలమూరు స్టాంపులు:
యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో పుట్టారు. 2028కి 300 ఏళ్లు. ఆ ఏడాది ఆయన పేరిట స్మారక స్టాంపు వేయమని మహబూబ్‌నగర్, నల్లగొండ సేకరణదారుల తరఫున తపాలా శాఖకు ఉత్తరం రాద్దామని నా ఆలోచన. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్‌కు ఆయన శిష్యుడు. ఐస్‌లాండ్‌లో మొక్కలు సేకరించి, 1768లో డాక్టరుగా తమిళ తీరంలో డేన్ల స్థావరమైన తరంగంబాడికి వచ్చారు. కొన్నాళ్లు ఆర్కాటు నవాబు కొలువులో, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీలో చేశారు. మొక్కల కోసం సయాం (ఇప్పటి థాయిలాండ్), మలక్కా దాకా తిరిగారు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశారు. మనం రోజూ పోపులో వేసే కరివేపాకును శాస్త్రంలో ముర్రయా కోనిగీ అంటారు. ఆ కోనిగీ ఈయనే. ఇలాంటి ప్రతిపాదనలు ఢిల్లీలో స్టాంపుల మీద సలహా ఇచ్చే ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీ ముందుకు పోవాలి, టైం పడుతుంది. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. సంతకం పెడతారా?

అచ్చంపేట వాసి:
నేను పెట్టనన్నా. ఆయన మీద నాకు కోపం ఏమీ లేదు. కానీ మా అవ్వ దాన్ని కల్యమాకు అంటుంది, వాళ్ల అవ్వ కూడా అదే అన్నది. ఆయన ఓడ దిగకముందే మన పొయ్యి దగ్గర ఉన్న ఆకు అది. మన్ననూరు దాటి అడవిలోకి పోతే ఏ బెరడు జ్వరానికి పనికొస్తుందో, ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో చెంచు పెద్దలు చెబుతారు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నా ఆల్బంలో లేదు. అడిగితే వాళ్ల కోసం అడగాలి. లేదంటే మహబూబ్‌నగర్ దగ్గరి మన పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి కోసం అడగాలి.

నల్లగొండ బోటనీ:
బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యాను, కొంచెం వివరంగా రాస్తాను. పరదేశి అన్నది అడ్డంకి కాదు. మన తపాలా శాఖ 1973లో కోపర్నికస్‌కు, 1983లో డార్విన్‌కు స్టాంపులు వేసింది. లిన్నేయస్ పద్ధతిలో ఇక్కడి మొక్కలను మొదట చూసినవాళ్లలో కోనిగ్ ఒకరు. ఆయన చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్న కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్, సామర్లకోటలో పనిచేస్తూ వందల మొక్కలకు బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసి పెట్టారు. మన తునికి చెట్టుకు డయోస్పైరస్ మెలనోజైలాన్ అని పేరు పెట్టిందీ ఆయనే. అచ్చంపేట తమ్ముడు జ్వరానికి బెరడు అన్నాడు కదా, సోమిద చెట్టు బెరడు అలాంటిదే. ఆ చెట్టు ప్రజాతి పేరు సొయ్‌మిడా. మన సోమిదే శాస్త్రంలోకి ఎక్కింది! క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తేవాళ్లు.

అచ్చంపేట వాసి:
సార్, ఇది చదివాక నాకు ఇంకా బాధగా ఉంది. సోమిద అన్న మాట పుస్తకంలోకి ఎక్కింది. ఆ మాట చెప్పిన మనిషి పేరు ఎక్కడ?

నల్లగొండ బోటనీ:
న్యాయమైన ప్రశ్న. 1678లో మొదలై ఆమ్‌స్టర్‌డాంలో 12 సంపుటాలుగా అచ్చయిన, కేరళ మొక్కల గురించిన లాటిన్ పుస్తకం హోర్టస్ మలబారికస్‌లో ఇట్టి అచ్యుతన్ అనే మలయాళీ వైద్యుడి వాంగ్మూలం ఆయన పేరుతోనే ఉంది. అంటే పేరు రాయడం ఆ రోజుల్లో కుదరని పనేమీ కాదు. మన వైపు చెట్లు చూపించినవాళ్లకు అది దక్కలేదు. నలభై ఏళ్లు పాఠం చెప్పాను కానీ ఈ మాట పిల్లలతో అనలేదు, చెప్పాల్సింది.

దేవరకొండ కవర్లు:
పిల్లలమర్రి సంగతి ఇందులో కలపకండి అన్నా, రెండూ ఆగిపోతాయి. దానికి స్పెషల్ కవర్, అంటే బొమ్మ అచ్చు వేసి ప్రత్యేక ముద్ర కొట్టే కవరు, అడగవచ్చు, అది మన తెలంగాణ తపాలా సర్కిల్‌లోనే తేలుతుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది, 2018లో చెదలు పోవడానికి సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించారు. అంత కష్టపడి నిలబెట్టుకున్న చెట్టు బొమ్మ మన పోస్టాఫీసు ముద్రలో ఉండాలని నాకూ ఉంది. ఆ దరఖాస్తు నేను రాస్తాను. కోనిగ్ స్టాంపుకు కూడా సంతకం చేస్తాను, కానీ బొమ్మ ఆకుదే ఉండాలి.

పాలమూరు స్టాంపులు:
దేవరకొండ మేడం మాట నాకు నచ్చింది. ఉత్తరం మార్చాను. స్టాంపు మీద పువ్వు, కాయలతో కరివేపాకు రెమ్మ, దాని పక్కన తెలుగులో దాని పేరు. కోనిగ్ పేరు కింద చిన్న అక్షరాల్లో. స్టాంపుతో ఇచ్చే సమాచార పత్రంలో "ఈ మొక్కల పేర్లు, గుణాలు చెప్పిన స్థానికుల పేర్లు నమోదు కాలేదు" అన్న వాక్యం ఉండాలని కూడా అడిగాను. తమ్మీ, ఇప్పుడేమంటావ్?

అచ్చంపేట వాసి:
ఆ వాక్యం కోసం ఆలోచిస్తా అన్నా. మొన్న మా ఊరి చెంచు తాతకు ఈ చర్చ అంతా చదివి వినిపించాను. కల్యమాకు సరే, తునికాకు బొమ్మ వేస్తారా అని అడిగాడు. ఎండాకాలంలో వాళ్లకు కూలి తెచ్చేది ఆ ఆకే. ఉత్తరంలో దాన్ని కూడా చేరిస్తే ఆయన వేలిముద్ర, నా సంతకం రెండూ పంపుతా.