దొరల బంగళాల్లో పనిచేసినవాళ్ల మాటలు ఎవరైనా రాసిపెట్టారా?

పలమనేరోడు:
మా తాత పుంగనూరు జమీందారీ పొలాల్లో జీతానికుండేవాడు. ఆయన చెప్పినవి ఒక్కటీ రాసుకోలేదు. మా అమ్మాయి ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో చదువుతోంది, మొన్న ఫోన్‌లో అక్కడి ఆంగ్లో-ఐరిష్ దొరల (ఇంగ్లండ్ మూలాలున్న భూస్వాముల) బంగళాల గురించి చెబుతుంటే తాతే గుర్తొచ్చాడు. అక్కడి పనివాళ్ల జ్ఞాపకాలు దొరుకుతాయా?

సంగటిముద్ద:
దొరుకుతాయన్నా. 1937-39లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ (అక్కడి జానపద కథలు సేకరించే సంస్థ) బడిపిల్లల చేత ఊళ్లలో పెద్దవాళ్లను అడిగించి రాయించింది. భూస్వాముల కథలు, కరువు కథలు బోలెడు. ఆన్‌లైన్‌లో ఫ్రీ.

కొత్తపేట కుర్రాడు:
రాస్‌కామన్ కౌంటీలో స్ట్రోక్స్‌టౌన్ బంగళా చూడమనండి. పనివాళ్లు అతిథుల కంటబడకూడదని వంటింటి నుంచి గుర్రాలశాల దాకా సొరంగం తవ్వించారు, వంటింటి పైనేమో బాల్కనీ, దొరసాని కిందికి దిగకుండా వారానికి సరిపడా వంటల చీటీ అక్కణ్నుంచే పడేసేదట! కరువులో కౌలురైతులను వెళ్లగొట్టిన దొర డెనిస్ మహాన్‌ను 1847లో కాల్చి చంపారు.

సంగటిముద్ద:
మనకు సొరంగమెందుకు, పెరటి వాకిలి చాలదూ? మా అవ్వ చెప్పేది, జీతగాడికి సంగటి కొట్టం దగ్గరే పెట్టేవాళ్లంట.

పలమనేరోడు:
అవును, తాత కూడా అదే చెప్పేవాడు. తిరుపతిలో మా పెద్దమ్మ ఉంది, తొంభై దాటింది. ఆదివారం పోయి ఫోన్‌లో రికార్డు చేస్తా.