మోసినా, ఎన్‌ఫీల్డా? డల్లాస్ బావకి ఏం చెప్పమంటారు

తార్నాక రవి:
మా బావ డల్లాస్‌లో పాత మిలిటరీ రైఫిల్ ఒకటి కొందామని చూస్తున్నాడు. గోడకి తగిలించి ఊరుకోడట, నెలకోసారి రేంజ్‌కి తీసుకెళ్లి కాలుస్తాడట. రష్యా మోసిన్ నాగాంట్ ఒకటి, మన ఇషాపూర్ ఫ్యాక్టరీ ఎన్‌ఫీల్డ్ ఒకటి బేరంలో ఉన్నాయి. నేను ఎన్‌ఫీల్డే అన్నాను. ఎన్‌సీసీ క్యాంపులో త్రీనాట్‌త్రీతో (.303 తూటా వాడే ఎన్‌ఫీల్డే అది) ఐదు రౌండ్లు కాల్చి, భుజం కమిలి మూడు రోజులు చొక్కా తొడుక్కోవడానికి అవస్థపడ్డవాణ్ణి. ఆ అభిమానం. బావేమో మోసిన్ వైపు మొగ్గుతున్నాడు. మీరేమంటారు?

సికింద్రాబాద్ సత్తి:
మోసినే. 1891 నాటి డిజైన్, రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది. పాడవడానికి అందులో ఏముంది? ఇషాపూర్‌ది పాత త్రీనాట్‌త్రీకే బ్యారెల్ మార్చి 7.62 నాటో తూటాకి సరిపెట్టిన అతుకుల బొంత.

మల్కాజిగిరి మూర్తి:
సత్తి గారూ, చాలామంది అనే మాటే ఇది, కానీ తప్పు. ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో, చేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా. ఆ ఇషాపూర్ మోడళ్లు 2ఏ, 2ఏ1 రెండూ 1962 చైనా యుద్ధం తర్వాత 7.62 కోసమే, ఇంకా గట్టి ఉక్కుతో కొత్తగా చేసినవి. వెనక సైటు మీద అంకెలు 2000 దాకా ఉంటే 2ఏ, 800 దగ్గర ఆగితే 2ఏ1. మ్యాగజైన్‌కి ముందు కర్రలోంచి అడ్డంగా స్క్రూ కనబడితే కంగారుపడొద్దు, కర్ర చీలకుండా మనవాళ్లు బిగించిందే.

అయినా పేరు చూసి కొనడమేంటండీ, బ్యారెల్ చూసి కొనాలి. బోల్ట్ తీసేసి, ఛాంబర్ దగ్గర తెల్ల కాగితం పెట్టి మూతిలోంచి చూడమనండి. లోపల మెలికలు తిరిగిన గాడుల అంచులు పదునుగా ఉంటే సరే. గుంటలు పడి నల్లగా ఉంటే ఉప్పు తిన్న బ్యారెల్. సైన్యాలు వదిలించుకున్న పాత సర్‌ప్లస్ తూటాల ప్రైమర్‌లో, అంటే నిప్పు రాజేసే మందులో, ఎక్కువగా పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది కాలాక ఉప్పు మిగిలి చెమ్మ పీలుస్తుంది. నూనె ఎంత రాసినా ఆ ఉప్పు కరగదు. కాల్చిన రోజే వేడి నీళ్లు పోసి, ఆరాక నూనె పెట్టాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. ఏది కొన్నా గన్‌స్మిత్ చేత హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో తూటాకి బోల్ట్ వదిలే చోటు) కొలిపించాకే మొదటి తూటా.

ఫ్రిస్కో లక్ష్మి:
తూటాల సంగతి కూడా చూసుకోండి అన్నయ్యా. 2021లో అమెరికా రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఆపేసింది. అప్పట్నుంచి మా ఆయన మోసిన్ ఎక్కువగా అల్మరాలోనే ఉంటోంది. ఇషాపూర్‌కి వాడే 7.62 నాటోకి ఆ బాధ లేదు.

ఉప్పల్ నవీన్:
ఇవి మనం ఇక్కడ కొనొచ్చా?

మల్కాజిగిరి మూర్తి:
కుదరదు బాబూ. .303, 7.62 రెండూ మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి లైసెన్స్ ఇవ్వని రకం. మోజు తీరాలంటే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 ఉంది, అదీ లీ ఎన్‌ఫీల్డ్ యాక్షనే. దానికీ కమిషనర్ గారి లైసెన్స్ కావాలి. 2019 సవరణతో మనిషికి రెండు ఆయుధాలకి మించి లేవు.

తార్నాక రవి:
రాత్రి బావ షాపునుంచి వీడియో కాల్ చేసి, కాగితం పెట్టి రెండూ చూపించాడు. ఇషాపూర్‌ది లోపలంతా గుంటలే. మోసిన్ అద్దంలా మెరుస్తోంది.

సికింద్రాబాద్ సత్తి:
నేను ముందే చెప్పలా!

మల్కాజిగిరి మూర్తి:
మీరు చెప్పిన కారణం వేరు సత్తి గారూ. రవీ, మోసిన్ తీసుకోమను. కానీ అరిగిన మూతిని లోపల కొంత మేర డ్రిల్ చేసి బాగుచేసిన మోసిన్లు ఉంటాయి, పైకి చప్పున కనబడదు. మూతి అంచు దగ్గర గాడులు ఉన్నాయో లేదో ఇంకోసారి చూసి డబ్బు కట్టమను.