బాటిల్ నిండుగా వెళ్లి నిండుగానే వస్తోంది: బళ్లో బాత్రూమ్ సంగతి ఎవరిని అడగాలి?

కుట్టుమిషన్ అమ్మ:

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. సాయంత్రం నాలుగున్నరకి వీధి మలుపులో కనిపిస్తుంది, అక్కణ్ణుంచి పరుగే. బ్యాగు నా మిషన్ మీద పడేసి, చెప్పులైనా విడవకుండా పెరట్లోకి ఉరుకుతుంది. ఆడుకోడానికి తొందరేమో అనుకున్నాను చాన్నాళ్లు. కాదు, బాత్రూమ్‌కి.

పొద్దున నేను నింపి ఇచ్చిన లీటరు బాటిల్ సాయంత్రానికి అలాగే ఉంటోంది. ఎందుకు తాగవే అంటే, "తాగితే పోవాల్సొస్తుంది కదమ్మా" అంది.

పోయిన నెల జ్వరం, మంట. డాక్టరమ్మ యూరిన్ పరీక్ష చేయించి ఇన్ఫెక్షన్ అని మందులు రాసింది, నీళ్లు బాగా తాగించమంది. ఇంట్లో అయితే తాగిస్తాను. బళ్లో?

బాత్రూములు లేవా అంటే ఉన్నాయి. ప్రభుత్వ బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకంలో కట్టినవే. టైల్స్ వేసి, ఆడపిల్లలకి విడిగా నాలుగు గదులు. జూలై 10న మెగా పీటీఎం, అదే తల్లిదండ్రుల మీటింగు రోజు నేను చూశాను కూడా. ముగ్గులు, మామిడి తోరణాలు, ఫినాయిల్ వాసన. బాగానే ఉందే, దీనిదే నాజూకేమో అనుకున్నాను. మొన్న పాప పెన్ను మర్చిపోయిందని వంక పెట్టుకుని మామూలు రోజు ఒంటిగంటంపావుకి వెళ్లాను. ఒక గదికి తాళం. ఇంకోదానికి గడియ లేదు, లోపలికి ఒకమ్మాయి పోతే బయట ఇంకో అమ్మాయి తలుపుని వీపుతో ఆనించి నిలబడింది. మూడోదాంట్లో కుళాయి తిప్పితే సుయ్‌మని గాలి. కిటికీ ఊచల మధ్య పేపర్లో చుట్టి కుక్కిన ప్యాడ్లు. నాలుగోదాని సంగతి చెప్పను, అన్నం తిన్నాక చదివేవాళ్లుంటారు. తాళం వేసింది ఎవరిదని అడిగితే "మేడమ్స్‌ది ఆంటీ" అన్నారు.

నా ఒళ్లు మండేది ఎక్కడంటే, పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం 15,000లో మా చేతికి 13,000 వచ్చింది. మిగతా 2,000 రూపాయలు బళ్ల నిర్వహణకే అని ఆపారు. అంతకుముందు ఇలాంటిదే అమ్మ ఒడి పథకంలోనూ మొదట వెయ్యి, ఆ తర్వాత రెండు వేలు ఆపారు. ఇచ్చినందుకు ఏడవట్లేదు. మా బళ్లో 340 మంది, లెక్క వేసుకోండి. ఆ డబ్బుకి గడియ కూడా రాదా?

ఇంకో మాట, 2024 ఆగస్టులో నన్ను బడి కమిటీకి ఎన్నుకున్నారు. ఇప్పటిదాకా సంతకాలు తప్ప ఏమీ పెట్టలేదు. గట్టిగా అడిగితే రేపు పాపని ఏమన్నా అంటారేమో అని భయం. ఎలా అడగాలి? ఎవరిని?

ఒంగోలు నాన్న:

టీసీ తీసుకోండి అని ఎవరో ఒకరు చెబుతారు, ముందే అడ్డం వస్తున్నా. మావాడు ప్రైవేటులోనే. ఏడాదికి 45,000. బాత్రూములు అద్దంలా ఉంటాయి, కాకపోతే క్లాసు మధ్యలో పంపరు. మూడో తరగతిలో ఒకసారి నిక్కరు తడుపుకుని వచ్చాడు. టీచర్ని అడిగితే "డిసిప్లిన్ సార్" అంది.

రిటైర్డ్ హెచ్‌ఎం:

అమ్మా, నేను రిటైరై మూడేళ్లు. చివరి రెండేళ్లు పొద్దున ప్రార్థన అయిన వెంటనే నా మొదటి పని ఏమిటో తెలుసా? ఫోన్ పట్టుకుని బాత్రూముల చుట్టూ తిరగడం. అప్పట్లో ఐఎంఎంఎస్ అనే ప్రభుత్వ యాప్‌లో మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు ఎక్కించాల్సి వచ్చేది. నేను తొమ్మిదిన్నరకి తీసేవాణ్ని, ఆయా అప్పుడే కడిగి వెళ్లేది కాబట్టి. ఫొటోలో అబద్ధం ఉండేది కాదు. మీరు ఒంటిగంటంపావుకి చూసిందీ అబద్ధం కాదు. ఆ మధ్య నాలుగు గంటలు ఎవరి ఫోన్లోకీ ఎక్కవు.

కట్టడం మనకి చేతనవును. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ఏడాదిలోగా ప్రతి బళ్లో ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి అన్నారు. ఏడాది తిరిగేసరికి 2.61 లక్షల బళ్లలో 4.17 లక్షలు కట్టామన్నారు. అందులో ప్రభుత్వ రంగ సంస్థలు కట్టినవాటిలో కొన్నింటిని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్లు వెళ్లి చూశారు. 2020లో నివేదిక వచ్చింది. చూసినవాటిలో 72 శాతానికి లోపల నీటి సరఫరా లేదు, 55 శాతానికి చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు. 2019లో నాడు-నేడు మొదలైనప్పుడు పనుల పట్టికలో మొట్టమొదటిదే 'నీళ్లు వచ్చే మరుగుదొడ్లు'. ఆ తర్వాత నిర్వహణ నిధి పెట్టి, ఆయాలని నెలకి 6,000కి పెట్టుకోనిచ్చారు. ఏ ప్రభుత్వం పెట్టిందన్నది పక్కన పెట్టండి. కడిగే మనిషికి జీతం ఉండాలని ఒకరికి తోచింది, నా సర్వీసులో అదే మొదటిసారి. అంతకుముందు ఎవరు కడిగేవారో మీ తరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది. పిల్లలే.

ఇక మీ ప్రశ్న. భయపడకండి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లే. బడికి వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం మీ పని అని చట్టంలోనే ఉంది. ఒక్కరే వెళ్లకండి, ఇంకో ఇద్దరు తల్లుల్ని తీసుకెళ్లండి. 'మరుగుదొడ్ల నిర్వహణ, ఖర్చు' అని అజెండాలో పెట్టమని కాగితం మీద రాసివ్వండి. మినిట్స్ పుస్తకంలో తీర్మానం ఎక్కేదాకా కదలొద్దు. అందులో లేని మాట ఆఫీసులో చెల్లదు.

తల్లికి వందనంలో ఆపిన డబ్బు బడికి ఎప్పుడు ఎంత వస్తుందన్నది పైవాళ్ల చేతిలో పని. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద 250 దాటి 1,000 లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 75,000 గ్రాంటు, అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే పెట్టాలి. అంటే 7,500. గడియ, మూత ఉన్న చెత్తబుట్ట, కుళాయి, బకెట్ అన్నీ అందులోంచే.

ఒక్క మనవి. హెచ్‌ఎంని దొంగలా నిలబెట్టకండి. అటు పైవాళ్లు, ఇటు మీరు, మధ్యలో ఆయన. "మోటారు ఎవరు వేస్తారు సార్, ఎన్నింటికి?" అని మొదలుపెట్టండి. ఫొటోలు తీసి వాట్సాప్‌లో తిప్పారంటే మాత్రం ఆ తలుపులకి ఇంకో రెండు తాళాలు పడతాయి.

ఏఎన్‌ఎం అక్క:

మందుల కోర్సు మధ్యలో ఆపకండి. మళ్లీ మంట, జ్వరం వస్తే యూరిన్ కల్చర్, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్ష చేయించమని అడగండి. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిది, క్రిములు తొందరగా లోపలికి పోతాయి. నీళ్లు తాగకుండా, ఉన్నది ఆపుకుంటే ఇక చెప్పేదేముంది. పాపకి మలబద్ధకం కూడా ఉందేమో చూడండి, ఈ రెండూ జంటగా వస్తాయి.

వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఉంది కదా. పెద్దక్లాసు ఆడపిల్లలు దాన్ని గుటకేయడానికి కూడా నీళ్లు పట్టుకోరు, నాలుక మీద పెట్టుకుని పక్కవాళ్ల మొహం చూస్తుంటారు. 2021లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇచ్చే పథకం పెట్టారు. మంచిదే. వాడాక ఎక్కడ పారెయ్యాలో చెప్పినవాళ్లు లేరు, అవే మీరు కిటికీలో చూసినవి.

ఆయమ్మ కొడుకు:

మాది పశ్చిమ గోదావరి. మా అమ్మ బళ్లో ఆయా. మీ పోస్టు చదివి వినిపించాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

"అమ్మా, మూడొందల మందికి నేనొక్కదాన్ని. ఆరు వేలు, అదీ నెలనెలా పడదు. పొద్దున్నే అన్నీ కడుగుతాను. ఇంటర్వెల్ పదినిమిషాలు, అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. మా ట్యాంకు వెయ్యి లీటర్లది, పదకొండున్నరకి అడుగంటుద్ది. మోటారు స్విచ్చేమో ఆఫీసు గదిలో. సారు క్లాసులో ఉంటే గది మూసుంటది. బకెట్టు పట్టుకుని బోరు కాడికి ఎన్నిసార్లని తిరగను? నాకు గ్లవ్సులు ఒక్క జత ఇచ్చారు, చిరిగి ఎన్నాళ్లయిందో. దొడ్లో ప్యాడేస్తే చేత్తోనే తీస్తాను. పిల్లల్ని తిట్టను, వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

తాళం గది గురించి అన్నావు. టీచరమ్మలు కూడా ఆడవాళ్లేగా, వాళ్లకీ ఒకటి కావాలి. అది కాదుగానీ, నీ కూతుర్ని ఒక మాట అడుగు. కంపు కొడతందని పోవట్లేదా, గడియ లేదని పోవట్లేదా? మా బళ్లో అయితే కంపు ఉన్నా ముక్కు మూసుకుని పోతారు. గడియ లేకపోతే పోరు."

కుట్టుమిషన్ అమ్మ:

పది రోజులయింది, జరిగింది చెప్పాలిగా.

ఆయమ్మ గారు అడగమన్నట్టే అడిగాను. రాత్రి జడ వేస్తున్నప్పుడు, మొహం కనపడదు కాబట్టి. చాలాసేపు మాట్లాడలేదు. బడి తెరిచిన కొత్తలో ఎవరో తలుపు తోశారట. ఆడపిల్లే, చూడకుండా తోసింది. బయట వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారట. ఆ రోజు నుంచి వెళ్లలేదు. ఏడెనిమిది గంటలు ఆపుకుంది గానీ నాకు చెప్పలేదు.

సోమవారం ముగ్గురం వెళ్లాం. సారు మొదట మొహం ముడిచారు. "రోజూ పొద్దున కడిగిస్తూనే ఉన్నామమ్మా" అన్నారు. రిటైర్డ్ సారు చెప్పినట్టు మోటారు సంగతి అడిగేసరికి కాస్త మెత్తబడ్డారు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే మాతో నడిచి వచ్చి బయట నిలబడ్డారు. ఆ వరుస చూసి ఏమీ అనలేదు. ఇప్పుడు పదకొండింటికీ ఒంటిగంటకీ మోటారు వేసే పని తొమ్మిదో తరగతి ఇద్దరికి అప్పజెప్పారు, ఆఫీసు తాళం చెవి అటెండర్ దగ్గర ఉంటుంది. చెత్తబుట్టలు తీర్మానంలో రాశాం, ఇంకా రాలేదు. మేడమ్స్ గది మేడమ్స్‌దే, దాని జోలికి పోలేదు. ఖాతా పుస్తకం వచ్చే మీటింగుకి తెస్తామన్నారు, చూడాలి. మా ఆయాకి కూడా మూడు నెలలది రావాలట, అదీ పుస్తకంలో రాయించాను.

గడియ మాత్రం తీర్మానం దాకా ఆగలేకపోయాను. సారు కోప్పడొద్దు. హార్డ్‌వేర్ షాపులో 70 రూపాయలు, మా ఆయన ఆదివారం వెళ్లి బిగించి వచ్చాడు. బిల్లు ఇచ్చాను, డబ్బులు వచ్చినప్పుడు వస్తాయి.

నిన్న బాటిల్ సగం ఖాళీగా వచ్చింది. తాగావా అంటే ఊఁ అంది. సగం బడి వేపచెట్టుకి పోసిందని వాళ్ల స్నేహితురాలు చెబుతోంది. ఎవరిని నమ్మాలో తెలీదు గానీ, సాయంత్రం నాలుగున్నరకి మలుపులోంచి నడిచే వచ్చింది.