ఏ520 మదర్‌బోర్డు సరిపోతుందా, బీ550కే వెళ్లాలా?

మాది విజయనగరం. చెల్లి ఇంజినీరింగ్ చదువుతోంది. దాని పాత కంప్యూటర్ బోర్డు పోయింది. విప్పి చూస్తే రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి, పక్కన గోధుమరంగు మరక!

ఈసారి రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకున్నాం, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బీ550లో పీసీఐఈ 4.0 (గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ లాంటివి బోర్డుకు కలిపే దారి, కొత్త వేగవంతమైన రకం) ఉన్నా ఈ ప్రాసెసర్ 3.0 వరకే ఇస్తుంది, కాబట్టి అందుకోసం ఎక్కువ పెట్టడం దండగే. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడం) జోలికీ పోము. నా టెన్షనంతా వీఆర్‌ఎం (బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) గురించే. చవక ఏ520 బోర్డులు చాలావాటికి దాని మీద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) ఉండదు. ఏసీ లేని గది, మన ఎండలు, గంటల తరబడి ఆటోక్యాడ్.

షాపులో ధర తేడా మూడు వేలు చెప్పారు. రెండూ వాడినవాళ్లుంటే చెప్పండి, ఏ520 వేసవిలో తట్టుకుంటుందా? వారంటీకి వైజాగ్ దాకా తిరగాల్సి వస్తుందా? మళ్లీ బోర్డు పోతే చెల్లి ప్రాజెక్టు ఆగిపోతుంది.