మూకీ బెట్స్‌ను బోస్టన్ వదులుకోవడం తప్పా, తప్పనిసరా?

ఫెన్‌వే శీను:
2025 నవంబరు 1న టొరంటోలో అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 5-4తో ముందున్నారు. టొరంటో బ్యాటర్ కిర్క్ కొట్టిన బంతి రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్ (షార్ట్‌స్టాప్) వైపు దొర్లింది. మూకీ బెట్స్ దాన్ని అందుకుని, తనే రెండో బేస్ తొక్కి, మొదటి బేస్‌కి విసిరాడు. ఒక్క బంతికి ఇద్దరు ఔట్, వరల్డ్ సిరీస్ అయిపోయింది. డాడ్జర్స్‌కి వెళ్లాక అతనికిది మూడో టైటిల్: 2020, 2024, 2025.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. 2011 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఐదో రౌండ్‌లో మన బోస్టన్ రెడ్ సాక్స్ ఎంచుకుని పెంచుకున్న కుర్రాడు. 2018లో మనకి 108 విజయాలు, టైటిల్ వచ్చిన ఏడాది లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతనే. 2020 ఫిబ్రవరిలో అతన్నీ, పిచర్ డేవిడ్ ప్రైస్‌నీ కలిపి డాడ్జర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్. ఆఫ్ సీజన్‌లో బోస్టన్ చేసిన తప్పుల్లో బేబ్ రూత్‌ని యాంకీస్‌కి అమ్మడం తర్వాత ఇదేనంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కల మాస్టారు:
శీను గారూ, నేను కాదంటాను. మీ బాధ నాకూ ఉంది, కానీ ఆ రోజు మేనేజ్‌మెంట్ ముందున్న లెక్క చూడండి. బెట్స్ కాంట్రాక్టులో మిగిలింది ఒక్క ఏడాది, దానికి 27 మిలియన్ డాలర్లు. అది ముగిశాక ఫ్రీ ఏజెంట్‌గా, అంటే ఏ జట్టుతోనైనా బేరం కుదుర్చుకునేలా, మార్కెట్‌లోకి వెళ్తానని అతను ముందునుంచీ చెబుతూనే ఉన్నాడు. ప్రైస్‌కి ఇంకా మూడేళ్లు, 96 మిలియన్లు ఇవ్వాలి. ఈ ట్రేడ్‌తో అందులో సగం భారం దిగింది.

2018, 2019 రెండేళ్లూ లగ్జరీ టాక్స్ గీత, అంటే జట్టు జీతాల మొత్తం దాటితే పన్ను పడే హద్దు, దాటాం. మొదటిసారి దాటితే అదనపు ఖర్చు మీద 20 శాతం, రెండోసారి 30, మూడోసారి 50. ఒక్క ఏడాది గీత కిందికి వస్తే మళ్లీ 20కి దిగుతుంది. పైగా గీత దాటిన జట్టు పెద్ద ఆటగాణ్ణి పోగొట్టుకుంటే, పరిహారంగా వచ్చే డ్రాఫ్ట్ అవకాశం నాలుగో రౌండ్ అయ్యాకే. ఏడాది ఆడించి ఊరికే పంపేయడమా, ముగ్గురిని తెచ్చుకోవడమా? 2019లో 84 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్లని జట్టది, మర్చిపోకండి.

కొత్తగా చూస్తున్నా:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఐపీఎల్‌లో పర్సు ఇంతే అంటారు కదా, సన్‌రైజర్స్ క్లాసెన్‌కి 23 కోట్లిస్తే ఆ మేరకు మిగతావాళ్లకి తగ్గుతుంది. ఇక్కడ అలా లేదా?

లెక్కల మాస్టారు:
లేదమ్మా. ఇక్కడ ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు. 2020లో గీత 208 మిలియన్లు. దాటితే దాటినంత మేరకే పన్ను.

వరంగల్ వాసి:
గదే నేననేది మాస్టారూ. దాటినంత మేరకే అని మీరే చెప్తున్నరు. 2018ల కట్టిన పన్ను దాదాపు 12 మిలియన్లు, 2019ల 13 చిల్లర. బోస్టన్ అసుంటి సంస్థకు గదొక లెక్కనా? సీటు దొరకని గ్రౌండు, సొంత టీవీ చానల్ ఉన్నోళ్లు. పైసలు లేక కాదు, పెట్టబుద్ధి గాక.

మార్కెట్‌కు పోతనన్నడు అంటున్నరు. మరి 2020 జూలైల, డాడ్జర్స్‌కు ఒక్క మ్యాచ్ ఆడకముందే, 12 ఏండ్లకు 365 మిలియన్లకు ఎట్ల సంతకం పెట్టిండు? మార్కెట్‌కు పోనేలేదు కదా. సరైన మాట చెప్తే ఉంటడని అక్కడనే తేలిపోయింది.

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, మధ్యలో కరోనా వచ్చింది. మ్యాచ్‌లు ఆగిపోయి, ఆ శీతాకాలం మార్కెట్ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని పరిస్థితి. ఫిబ్రవరిలో ఉన్న మనిషి జూలైలో లేడు. ఆ సంతకాన్ని ఫిబ్రవరికి సాక్ష్యంగా తేవడం న్యాయం కాదు.

క్విన్సీ అక్క:
మీరంతా 2020 ఫిబ్రవరి చుట్టూనే తిరుగుతున్నారు. నా దృష్టిలో బెట్స్ చేజారింది 2019 మార్చిలో. మన పిచర్ క్రిస్ సేల్ కాంట్రాక్టుకి అప్పటికింకా ఏడాది గడువుంది. అంతకు ముందు ఏడాది చివర్లో భుజం నొప్పితో కొన్ని వారాలు పక్కన కూర్చున్నాడు కూడా. అయినా తొందరపడి 2020 నుంచి ఐదేళ్లకు 145 మిలియన్లు రాసిచ్చారు. ఆ కొత్త కాంట్రాక్టు మొదలయ్యే ఏడాదే మోచేతికి ఆపరేషన్, 2020లో ఒక్క బంతి వేయలేదు. బెట్స్‌కి డబ్బు లేదని 2020లో అన్నారు కదా, ఆ డబ్బు అప్పటికే అక్కడ ఇచ్చేశారు. ముప్పైకి చేరువైన పిచర్ చేతిని నమ్మి, అప్పట్లో ఇరవయ్యారేళ్ల రైట్ ఫీల్డర్ అయిన బెట్స్‌ని రెండో వరసలో నిలబెట్టారు. నన్ను కాల్చేది అదే.

మాస్టారూ, పొదుపు చేయడం తప్పని నేననను. 2021లో గీత కిందే ఉన్నాం, ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో లీగ్ ఫైనల్ దాకా వెళ్లాం. తర్వాత పిచర్ ఎడ్వర్డో రోడ్రిగెజ్ డెట్రాయిట్ వెళ్లిపోతే పరిహారం రెండో రౌండ్ అవ్వగానే వచ్చింది, 2022లో 79వ ఎంపిక. దాంతో తెచ్చుకున్నది మన యువ ఔట్‌ఫీల్డర్ రోమన్ ఆంథనీని! అదీ క్రమశిక్షణ ఫలం. కానీ అదే 2022లో ఏం చేశారు? గీతని కొద్దిగా, కేవలం కొద్దిగా దాటారు. దాటి తమ డివిజన్‌లో చివరి స్థానంలో నిలిచారు. ఆ చలికాలమే మన షార్ట్‌స్టాప్ బోగార్ట్స్ 11 ఏళ్లకు 280 మిలియన్లతో శాన్ డియేగోకి, పిచర్ ఇవాల్డీ టెక్సస్‌కి వెళ్లిపోయారు. ఇద్దరికీ పరిహారం నాలుగో రౌండ్ తర్వాతే. పొదుపు కోసం బెట్స్‌ని వదులుకున్నవాళ్లు రెండేళ్లకే పొదుపునీ వదిలేశారు. అటు ఖర్చూ కాదు, ఇటు పొదుపూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి.

వరంగల్ వాసి:
అక్కా, గా 79వ ఎంపిక సంగతి నాకు తెల్వదు. మంచిగ చెప్పినవ్. అయినా వచ్చిన ముగ్గురి సంగతి జూడు. డౌన్స్‌ను ఇరవై మ్యాచ్‌లు గూడ ఆడనీయకుండనే 2022 డిసెంబరుల వదిలేసిండ్రు. వెర్డూగో ఇంకో ఏడాదికి యాంకీస్‌కు. మిగిలింది వాంగ్ ఒక్కడే.

లెక్కల మాస్టారు:
క్విన్సీ అక్క గారూ, సేల్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నా లెక్క 2020 జనవరి నుంచి మొదలైంది, మీరు ఏడాది వెనక్కి జరిపారు. అలా చూస్తే నేను వాదిస్తున్నది తప్పనిసరి కాదు, కొనితెచ్చుకున్న తప్పనిసరి. కానీ ఈ ట్రేడ్ చేసిన బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి ఛైమ్ బ్లూమ్ 2019 అక్టోబరులో వచ్చాడు. సేల్ సంతకం అతనిది కాదు. గీత కిందికి రావాలన్నది యజమాని జాన్ హెన్రీ పెట్టిన లక్ష్యం. జనం తిట్టింది మాత్రం బ్లూమ్‌నే, 2023లో తీసేసింది కూడా అతన్నే. అది నాకు నచ్చలేదు.

ఫెన్‌వే శీను:
బ్లూమ్ మీద నా కోపం కొంత తగ్గిందండీ, బెట్స్ విషయంలో మాత్రం కాదు. ఇంకొకటి చెప్పి ఆపుతాను. బెట్స్, బోగార్ట్స్ పోయాక 2023 జనవరిలో మూడో బేస్ ఆటగాడు డెవర్స్‌కి పదేళ్లకు 313.5 మిలియన్లు ఇస్తే, పాఠం నేర్చుకున్నారనుకున్నాను. 2025 ఫిబ్రవరిలో అదే స్థానంలో ఆడే బ్రెగ్‌మన్‌ని తెచ్చి, అతని కోసం డెవర్స్‌ని మూడో బేస్ నుంచి తప్పించారు. మాటా మాటా పెరిగి జూన్‌లో డెవర్స్‌ని జెయింట్స్‌కి పంపేశారు. ఆ సీజన్ అయ్యాక బ్రెగ్‌మన్ తన కాంట్రాక్టులో ఉన్న వెసులుబాటు వాడుకుని బయటికొచ్చాడు. ఎవరి కోసం డెవర్స్‌ని కదిపారో అతనూ వెళ్లిపోయాక, మూడో బేస్ దగ్గర ఎవరిని నిలబెట్టాలి మాస్టారూ?

లెక్కల మాస్టారు:
బ్రెగ్‌మన్‌ని ఉంచుకోవాల్సింది. గీత దాటినా సరే.