ఆగస్టు 15న టినోస్: ఎవరి మొక్కో చూడటానికి మనం వెళ్లొచ్చా?

తాపీ_ప్రయాణం:
ఈ ఆగస్టులో గ్రీస్ వెళ్తున్నాం. 15న మరియమాత పరమపదించిన పండగ, దేశమంతా సెలవు. అన్నిటికన్నా టినోస్ దీవిలో ఘనంగా జరుగుతుందట. రేవు నుంచి మెట్ట మీది గుడి దాకా జనం మోకాళ్ల మీద పాకుతూ వెళ్తారట, పక్కనే తిరునాళ్ల దుకాణాలట. నాకు చూడాలని ఉంది. మా ఆవిడేమో "వాళ్లు కష్టమొచ్చి మొక్కు తీర్చుకుంటుంటే మనం ఐస్‌క్రీమ్ తింటూ చూస్తామా?" అంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

మేడమీద_గది:
మీ ఆవిడ మాటే కరెక్ట్. ఊరేగింపు వచ్చేటప్పుడు జబ్బుపడ్డవాళ్లు రోడ్డు మీద వరసగా వంగి ఉంటారు, అమ్మవారి పటం తమ మీదుగా వెళ్తే నయమవుతుందని. టూరిస్టులు దాన్ని రీల్ తీస్తారు. మన ఊళ్లో పొర్లుదండాలు పెట్టేవాళ్ల మొహం మీద ఎవడైనా కెమెరా పెడితే ఊరుకుంటామా?

రఫీనా_రేవు:
ఏథెన్స్‌లో ఉంటాను, ఆ పండగ చూశాను కాబట్టి చెబుతున్నా. ఇక్కడ భక్తి, అక్కడ సంత అని గీత గీయడం కుదరదు. రేవు నుంచి గుడికి రెండు దారులు. మెగలోహారిస్ పెద్ద రోడ్డు నేరుగా పైకి వెళ్తుంది, దాని అంచున పాకేవాళ్ల కోసం తివాచీ పరిచి ఉంటుంది. దాని పక్కది ఎవాంగెలిస్త్రియాస్ వీధి, ఆ పొడవునా దుకాణాలే. మనిషెత్తు కొవ్వొత్తులు బయట నిలబెట్టి అమ్ముతారు. తీర్థం పట్టుకెళ్లడానికి చిన్న చిన్న సీసాలు. పల్చటి రేకు మీద కన్ను, కాలు, గుండె, పసిబిడ్డ అచ్చు కొట్టిన మొక్కుబడి బిళ్లలు. మనవాళ్లు అమ్మవారికి వెండి కళ్లు సమర్పించరూ, అలాగే. మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుని పైకి పాకిన మనిషే, దిగేటప్పుడు ఈ వీధిలో పిల్లలకి బొమ్మలు కొంటాడు. అది తప్పని ఎవరూ అనుకోరు.

ఇంకో సంగతి. ఆ రద్దీలో గుడి దగ్గర వెలిగించిన కొవ్వొత్తిని పూర్తిగా కాలనివ్వరు. పనివాళ్లు వెంటవెంటనే తీసి డబ్బాలో పడేస్తుంటారు. కొబ్బరికాయల సంగతి తెలిసిన మనకి ఇదేం వింత కాదులెండి.

వెళ్లండి, తప్పులేదు.

లెక్కల_మాస్టారు:
అంతా వ్యాపారం అని మీరే ఒప్పుకున్నారుగా. పెలాగియా అనే సన్యాసినికి 1822లో మరియమాత దర్శనాలు, తవ్వితే 1823 జనవరి 30న ఈ పటం బయటపడటం, అదీ టర్కీ వాళ్ల మీద స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్నప్పుడు! అప్పట్నుంచి దీవికి ఆదాయానికి లోటు లేదు.

పాత_నాణెం:
మాస్టారూ, ఆదాయం వచ్చింది సరే, ఎక్కడికి పోయిందో కూడా చూడాలిగా. ఆ గుడి ధర్మసంస్థ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే చిత్రకారుడు గీజిస్, శిల్పి హలెపాస్ మ్యూనిక్ వెళ్లి చదువుకున్నారు. ఇద్దరూ టినోస్ వాళ్లే. ఆధునిక గ్రీకు కళ అంటే ముందు వచ్చే పేర్లలో వాళ్లవి ఉంటాయి. హలెపాస్‌కి మధ్యలో డబ్బు ఆపేశారు లెండి, అది వేరే పంచాయితీ.

ఇంకోటి, ఆ రోజు మొక్కులే కాదు. 1940 ఆగస్టు 15న, సరిగ్గా పండగ పూట, ఇటలీ జలాంతర్గామి టినోస్ రేవులో ఆగి ఉన్న గ్రీకు యుద్ధనౌక 'ఎలి'ని ముంచేసింది. అప్పటికి రెండు దేశాలకీ ఇంకా యుద్ధమే మొదలవలేదు. పటాన్ని మోసేవాళ్లలో నావికులుంటారు, ఆ నౌక జ్ఞాపకంగా సముద్రంలో పూలదండలు వేస్తారు. ప్రభుత్వ పెద్దలొస్తారు, టీవీలో లైవ్ వస్తుంది. ఇంత బహిరంగంగా జరిగేదానికి బయటివాడు రాకూడదనడం నాకు అర్థం కాదు.

మేడమీద_గది:
చరిత్ర బాగుందండీ, నేనడిగింది అది కాదు. టీవీ వాళ్లు ఊరేగింపు చూపిస్తారు. నేను మాట్లాడేది పొద్దుటే ఎర్రటి ఎండలో, పిల్లాణ్ణి వీపు మీద వేసుకుని ఒంటరిగా పాకే తల్లి గురించి. ఆవిడ మొహం ఎవడో ఫోన్లో దాచుకోవడానికి ఆవిడ ఎప్పుడు ఒప్పుకుంది?

రఫీనా_రేవు:
ఈ ముక్క మాత్రం ఒప్పుకుంటా. ఆ తివాచీ వైపు ఫోన్ ఎత్తకపోతే సరిపోతుంది. అంతగా ఫోటో కావాలంటే అదే రోడ్డు మీద పాకుతున్న స్త్రీ కంచు విగ్రహం ఉంది, దాన్ని తీసుకోండి. అంతేగానీ చూడ్డానికే రావద్దంటే ఎలా?

తాపీగారూ, ఇవేం వద్దనుకుంటే అదే రోజు ఇకారియా దీవిలో లంగాదా ఊరి పండగకి వెళ్లండి. మేక మాంసం, వైన్, తెల్లారేదాకా డ్యాన్సు. అక్కడి పండగల్లో మిగిలిన డబ్బుని ఊరి పనులకే వాడతారు. అక్కడైతే మీరు పక్కన నిలబడి చూసేవాళ్లు కాదు, జనంతో కలిసి ఆడేవాళ్లు.

తాపీ_ప్రయాణం:
మేక మాంసం అనగానే కథ మళ్లీ మొదటికొచ్చింది అన్నా. మా ఆవిడ శాకాహారి.

మేడమీద_గది:
అయితే టినోసే నయం, 14నే దిగిపోండి. ఆగస్టు 1 నుంచి 14 దాకా వాళ్లకి ఉపవాసం, మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఆ రోజు హోటల్లో ఉపవాస భోజనం ఏముందో అడగండి. కాకపోతే గదులు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు కూడా, తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకోండి. ఫోటో విషయంలో నా మాట మాత్రం మారదు.